అజాతశత్రు... డే నా, వే నా?

తాతగారి మనవడు: మా తాతయ్య పక్కా కాంగ్రెస్ మనిషి. గన్నవరంలో 1955లోనూ 1962లోనూ కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారికి ఎదురు ప్రచారం చేశారు. ఆ మధ్య బీరువా సర్దుతుంటే అడుగున పరిచిన కాగితం కింద ఒక పేపరు కటింగ్ దొరికింది. సుందరయ్య గారి ఫొటో, ఆయన పోయినప్పటిది, 1985 మే. ఫొటో కింద తాతయ్య ఇంకు పెన్నుతో ఇంతే రాసుకున్నారు: "అలుగుటయే యెరుంగని మహామహితాత్ము డజాతశత్రు". ఆ పైన ఒక్క అక్షరం ఉంది. తడి తగిలి అలుక్కుపోయింది. డే నో, వే నో తెలియడం లేదు. ఫ్రేము కట్టించి పాదం అచ్చు వేయిద్దామనుకుంటున్నాం. అసలు పాఠం ఏది? ఎవరికి ఓటు వెయ్యొద్దని ఊరూరా తిరిగారో ఆయన ఫొటో కింద ఈ పద్యమేమిటన్నది ఇంకో ప్రశ్న.

ఛందోవ్యసని: డే. నాకు నోటికి వచ్చింది అదే. ఛందస్సు ఏమీ తేల్చదు. ఇది చంపకమాల, పాదం చివర రగణం (గురువు, లఘువు, గురువు) రావాలి, శత్రుడే అన్నా శత్రువే అన్నా నడుస్తుంది.

రిటైర్డ్ మాష్టారు: వే. శత్రు శబ్దం ఉకారాంతం. గురువు, ప్రభువు, శత్రువు. శత్రుడు అని ఎవరైనా అనగా విన్నారా?

ఛందోవ్యసని: మాష్టారూ, శంభుడు, భానుడు ఏమయ్యాయి? విష్ణువు, విష్ణుడు రెండూ లేవూ? పైగా ఇక్కడ చెబుతున్నది శత్రువు గురించి కాదు, శత్రువు లేనివాడి గురించి. బహువ్రీహి, అంటే సమాసంలోని మాటలు కాక బయటి మనిషిని చెప్పేది. నా లెక్కలో శత్రువుకి వు, శత్రువు లేని ధర్మరాజుకి డు.

రిటైర్డ్ మాష్టారు: లెక్క ముచ్చటగా ఉంది, సూత్రం చూపించండి. వాజపేయి గారిని పేపర్లన్నీ అజాతశత్రువు అనే రాశాయి.

పాళీ పిచ్చోడు: ఆ మాట సంతాప సభల్లో విన్నప్పుడల్లా నాకు ఉలిక్కిపాటే. మగధలో బింబిసారుడి కొడుకు పేరేమిటి? అజాతశత్రువు. తండ్రిని చెరలో పెట్టి చంపినవాడు. బౌద్ధ వ్యాఖ్యానాల్లో ఆ పేరుకి అర్థం, ఇంకా పుట్టకముందే తండ్రికి శత్రువైనవాడు అని. అదే సమాసం, దాన్ని విడదీసి చెప్పే విగ్రహవాక్యం మారిందంతే. నాయకులకు బిరుదులిచ్చే ముందు ఇది కూడా చూసుకోవాలి.

నాటకాల రాయుడు: మీరంతా చివరి అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు. అసలు అది పొగడ్త పద్యమేనా? తిరుపతి వెంకట కవుల నాటకంలో, కౌరవ సభలో కృష్ణుడు ధర్మరాజు గురించి చేసిన బెదిరింపు. ఆ మంచివాడికి కోపం వస్తే సముద్రాలన్నీ ఏకమైపోతాయి, జాగ్రత్త అని. వింటున్నది ఎవరు? దుర్యోధనుడు. మనవడు గారూ, మీ తాతగారు ఈ పద్యాన్ని సుందరయ్య గారికి అంటగట్టారంటే "రాజరాజ" అని పిలిపించుకుంటున్న పక్షం ఏదంటారు? ఆయన సొంత పార్టీయే! అది మెచ్చుకోలు కాదు, ఇంట్లోవాళ్లకి వేసిన చురక.

ఎర్ర సిరా: సుందరయ్య అలగడం ఎరుగనివాడా? తెలంగాణ సాయుధ పోరాటం ముందుండి నడిపిన మనిషండీ. కాకపోతే పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిందీ ఆయనే, పేరు చివర రెడ్డిని కత్తిరించుకున్నదీ ఆయనే. ఎదుటి పార్టీవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించేది అక్కడే.

తాతగారి మనవడు: రాయుడు గారి మాట విన్నాక మా బామ్మని అడిగాను. "గోడల మీద సుత్తీ కొడవలీ కనిపిస్తే రాత్రికి రాత్రి సున్నం కొట్టించిన చెయ్యిరా అది" అంది. అంతకుమించి చెప్పలేదు. ఫొటో సంగతి ఆవిడకీ తెలియదట.

పాళీ పిచ్చోడు: ఎదుటి పక్షం పొగడ్త అంటే 1964 మేలో నెహ్రూ పోయినప్పుడు రాజ్యసభలో వాజపేయి మాట్లాడింది చదవాలి. బద్ధ వ్యతిరేకి మాట్లాడినట్టే ఉండదు. 1994లో ప్రధాని పి.వి. కూడా జెనీవాకు మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్షంలో ఉన్న వాజపేయినే పంపారు. అలాంటిచోట శత్రువు, అజాతశత్రువు రెండూ కుదరవు. సరైన మాట ప్రత్యర్థి. అభ్యర్థిలోనూ ప్రత్యర్థిలోనూ ఉన్నది ఒకే అర్థి, అడిగేవాడు. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు చెయ్యి చాచినవాళ్లే.

రిటైర్డ్ మాష్టారు: కోర్టు భాషలో ప్రత్యర్థి అంటే ప్రతివాది. గుమ్మం, చెయ్యి మీ కవిత్వం. బాగానే ఉంది.

నాటకాల రాయుడు: ఇంతకంటే పెద్ద తప్పు మూడో పాదంలో జరుగుతోంది. "కర్ణులు పదివేవురైన ననినొత్తురు చత్తురు". సగం మంది దాన్ని "అనిన్ ఒత్తురు" అని విరుస్తారు, ఎవరో వచ్చి ఒత్తేస్తున్నట్టు. సినిమాలో ఘంటసాల గొంతుతో ఎన్టీఆర్ కృష్ణుడు పాడింది వెయ్యిసార్లు విన్నా, ఎక్కడ విరవాలో చెవికి అందదు.

ఛందోవ్యసని: ఇది మాత్రం తేల్చేయొచ్చు. "కర్ణులు"లో క రెండో పాదంలోనే అయిపోయింది, మూడో పాదం "ణు"తో మొదలు. దానితో మైత్రి కుదరాల్సిన యతి స్థానం పదకొండో అక్షరం, "నొ". "అనిన్ + ఒత్తురు" అయితే యతికి లెక్కలోకొచ్చేది ఒ అనే అచ్చు. ణు కి ఒ ఎక్కడ కలుస్తుంది? "అని నొత్తురు" అయితే ణ, న మైత్రి హాయిగా కుదిరింది. రెండో పాదం చూడండి, "యలిగిననాడు సాగరములన్నియు"లో ల ని వదిలేసి "అన్నియు"లో అ నే "అలిగిన"తో కలిపారు. చచ్చు, చత్తురు. నొచ్చు, నొత్తురు. అనిలో, అంటే యుద్ధంలో, దెబ్బతింటారు, చస్తారు. అంతే.

రిటైర్డ్ మాష్టారు: ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు "ఒత్తురు" అనే చెప్పాను పిల్లలకి. నొత్తురు గాక!

నాటకాల రాయుడు: మరి ఈ పద్యం రాసిన తిరుపతి వెంకట కవులంటే ఏమనుకున్నారు? రెండు భాషల్లోనూ మేమే కవులమని మీసాలు పెంచి సవాలు చేసినవాళ్లు. తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా వెంకట శాస్త్రి గారు ఇద్దరి పేరుతోనే రాశారు. సొంత పార్టీలో పక్కవాడికి ఆపాటి మర్యాద దొరుకుతుందా ఇప్పుడు?

ఎర్ర సిరా: మర్యాద సంగతికొస్తే, తనలాంటి శిష్యుడున్న భోగం నన్నయకూ తిక్కనకూ లేదు, చెళ్లపిళ్ల వారికే, అంటే ఆ వెంకట శాస్త్రి గారికే ఉందని విశ్వనాథ సత్యనారాయణ ఒక పద్యంలో అన్నారు. అది గురువుకి పొగడ్తో, తనకి పొగడ్తో ఇప్పటికీ తేలలేదు.

ఛందోవ్యసని: గురువుగారికి భుజం తట్టి తను పీట ఎక్కడం. కానీ ఏం పద్యమండీ! "అలఘు స్వాదు రసావతార" దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకుంటారు మీరు?

రిటైర్డ్ మాష్టారు: తీసుకోకూడదు. అదే కిటుకు.

తాతగారి మనవడు: అందరికీ నమస్కారాలు. ఫ్రేము షాపతను సాయంత్రం లోపు చెప్పమన్నాడు. డే నా, వే నా?

ఛందోవ్యసని: డే.

రిటైర్డ్ మాష్టారు: వే. అదలా ఉంచి, "మహితాత్ముఁ" దగ్గర అరసున్న పెట్టించారా బాబూ?

తాతగారి మనవడు: అతని ఫాంటులో అరసున్న లేదటండీ.