చిన్నతాత సందుగలో దొరికిన వంకర కత్తి: ఇది జావా కెరిసేనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మా చిన్నతాత సైన్యంలో పనిచేసి, 1946లో ఇండోనేషియాలోని జావా దీవి నుంచి వస్తూ తెచ్చారని ఇంట్లో చెప్పుకునే కత్తి ఒకటి, మొన్న అటక మీది సందుగ సర్దుతుంటే ఎర్రగుడ్డలో చుట్టి దొరికింది. అలుగు మూరెడుకు కాస్త తక్కువ, పాములా మెలికలు తిరిగి ఉంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పది వంపులే వస్తున్నాయి. ఇనుము మీద నీళ్ళలో నూనె తేలినట్టు బూడిదరంగు చారలున్నాయి. పట్టుకోగానే పిడి ఊడి చేతికి వచ్చింది, లోపల పాత గుడ్డపీలిక కనబడింది. ఒర నుంచి తీసిన కత్తి రక్తం చూడనిదే మళ్ళీ లోపలికి పోదని మా నాయనమ్మ అనేది, దసరా ఆయుధపూజ నాడు తప్ప ఆ గుడ్డ విప్పనిచ్చేది కాదు. అమ్మయితే భద్రకాళి చెరువులో వేసి రమ్మంటున్నది. చింతపండుతో తోమి గోడకు తగిలిద్దామని నా ఆలోచన. ఇది కెరిస్ అనే జావా వాళ్ళ సంప్రదాయ బాకేనా, దీనికి నిజంగా శక్తి ఏదైనా ఉంటుందా?

జవాబు (కరీంనగర్ నుంచి)

మీరు చెప్పిన పోలికలు కెరిస్‌వే, కానీ వంపుల లెక్క ఎక్కడో తప్పింది. జావా సంప్రదాయంలో వంపుల సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉంటుంది. సరిసంఖ్య వచ్చిందంటే మొదలు దగ్గరి చిన్న వంపునో, మొన దగ్గరిదాన్నో వదిలేశారన్నమాట. వంపులే లేని తిన్నని కెరిస్‌లు కూడా చాలా ఉంటాయి కాబట్టి, దాన్ని గుర్తుపట్టడానికి మెలికల కన్నా మొదలు ముఖ్యం. అక్కడ అలుగు ఒక పక్కకు వెడల్పుగా సాగి, దాని కింద అడ్డంగా వేరే ఇనుపముక్క అతికినట్టు సన్నని గీత కనిపించాలి. ఆ ముక్కను గాంజ అంటారు (మన గంజాయికీ దీనికీ ఏ సంబంధమూ లేదు), దాని ఒక కొసను బల్లితలతో పోలుస్తారు. మొదలు దగ్గర ఒక పక్క ఏనుగు తొండంలా చుట్టుకున్న చిన్న కొక్కెం కూడా ఉంటే మంచి గుర్తే. పిడి ఊడడం లోపం కాదు, పిడిలోకి దూరే అలుగు తోకకు గుడ్డ చుట్టి బిగించడమే అక్కడి పద్ధతి.

చింతపండు మాత్రం వద్దు. చారలు తేలడానికి జావాలో నిమ్మరసంలో పాషాణం, అంటే ఆర్సెనిక్, కలిపి పూస్తారు; పాత అలుగు మీద అది మిగిలి ఉండవచ్చు. చేతికి తొడుగు వేసుకోండి, వంటగిన్నెల దగ్గరికి తీసుకుపోకండి, మెత్తటి గుడ్డతో పలచగా నూనె రాసి వదిలేయండి.

జవాబు (నిజామాబాద్ నుంచి)

చారలు చూసి మా కోనసముద్రం ఉక్కుతో పోల్చేవాళ్ళుంటారు కాబట్టి ఒక మాట. కోనసముద్రంలో మూసలో ఇనుము కరిగించి చేసిన ఉక్కులో చారలు లోహం గడ్డకట్టే తీరు వల్ల లోపలినుంచే పుట్టేవి. కెరిస్‌లో చారలు కమ్మరి వేసినవి: మామూలు ఇనుముతో నికెల్ ఉన్న ఇనుమును పొరలుగా పేర్చి, మడిచి, సాగగొట్టితే వచ్చే ఆ నమూనాను పామోర్ అంటారు. ఒకప్పుడు జావాలోని ప్రంబనన్ దగ్గర పడిన ఉల్క ఇనుము కూడా వాడారు. రెండూ గొప్ప పనులే, కానీ ఒకటి కాదు.

జవాబు (వరంగల్ నుంచి)

శక్తి సంగతి. పామోర్ నమూనాల్లో ఒకదాని పేరుకు చల్లిన బియ్యం అని అర్థం, అది ఉన్న ఇంట్లో గింజకు కొదువ ఉండదని నమ్మకం. కొన్నవాడికి కత్తి అచ్చొస్తుందో లేదో తెలియడానికి దిండు కింద పెట్టుకుని పడుకుని, వచ్చిన కలను బట్టి తేల్చుకునేవాళ్ళు. సూరో నెలలో, అంటే మొహర్రం రోజుల్లో, కెరిస్‌ను కడిగే ఆచారం ఉంది; మీ నాయనమ్మ దసరాకు గుడ్డ విప్పడం ఆ జావా వాళ్ళకు వింతగా తోచేది కాదు. శాపం కథల్లో పెద్దది కమ్మరి గాండ్రింగ్‌ది. పని పూర్తికాకముందే కెన్ అరోక్ ఆ కత్తితోనే అతన్ని పొడిచాడని, చస్తూ అతను శపించాడని, 1222లో జావాలో సింగసారి రాజ్యం స్థాపించిన ఆ అరోక్ చివరికి దానికే బలయ్యాడని చెబుతారు. జావాలో లావు అనే పేరున్న కొండ మీది 15వ శతాబ్దపు సుకుః ఆలయంలో ఇంకా అందమైన శిల్పం ఉంది: భీముడు కెరిస్ సాగగొడుతుంటే, నడుమ వినాయకుడు నాట్యం చేస్తుంటే, అర్జునుడు కొలిమితిత్తి ఊదుతుంటాడు. మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పి చూడండి. రక్తం చూడనిదే ఒరలోకి పోదన్న మాట మాత్రం మనవాళ్ళు ఏ కత్తి గురించైనా అనేదే.

ప్రశ్న వేసినవారు

పగటి వెలుగులో మొదలు నుంచి మళ్ళీ లెక్కపెట్టాను, పదకొండు. గీతా ఉంది, తొండమూ ఉంది, తొండం కొస విరిగింది. వినాయకుడి మాట వినగానే అమ్మ చెరువు ఊసు మానేసింది, కానీ దిండు కింద పెట్టనివ్వనంటున్నది.