కిలిమంజారోకు ఐదు రోజులు చాలునా, ఎనిమిది రోజులు తప్పవా?

మెట్టదారి

సభ్యులందరికీ నమస్కారం. టాంజానియాలోని కిలిమంజారో ఎక్కాలని మా అక్క (52 ఏళ్లు), నేను (46 ఏళ్లు) రెండేళ్లుగా అనుకుంటున్నాం. వచ్చే ఫిబ్రవరికి రెండు కంపెనీల నుంచి ధరలు తెప్పించుకున్నాం. ఒకటి మరాంగు దారిలో ఐదు రోజుల యాత్ర, రెండోది లెమోషో దారిలో ఎనిమిది రోజుల యాత్ర. తలకు 900 డాలర్ల తేడా ఉంది, అంటే ఇద్దరికీ కలిపి లక్షన్నర రూపాయలు పైనే. పైగా మరాంగులో చెక్క కుటీరాల్లో పడుకోవచ్చు, గుడారాల బాధ ఉండదు. ఇద్దరమూ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కినవాళ్లమే. రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాం. ఆ మూడు రోజులు అదనంగా కావలసింది కొండకా, కంపెనీకా అన్నదే నా ప్రశ్న. వెళ్లి వచ్చినవారు నిర్మొహమాటంగా చెప్పగోరుతున్నాను.

ఎర్రమల

మెట్టదారి గారూ, నేను 34వ ఏట మరాంగు దారిలో ఐదు రోజుల్లోనే వెళ్లి, 5,895 మీటర్ల ఉహురు శిఖరం చేరి, క్షేమంగా దిగివచ్చాను. కాబట్టి అది అసాధ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎత్తున గడిపే ప్రతి రోజూ శరీరానికి మేలే చేస్తుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. నాలుగు వేల మీటర్ల మీద నిద్ర సరిగా పట్టదు, అన్నం సయించదు, చలికి ఒంట్లో సత్తువ హరించుకుపోతుంది. ఎనిమిది రోజుల యాత్రకు వచ్చినవారిలో ఆరో రోజుకే నీరసించి కూర్చున్నవారిని కళ్లారా చూశాను. సెలవు దొరకని ఉద్యోగులు, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చేవారు, అప్పు చేసి వచ్చేవారు ఉంటారు. ఎనిమిది రోజులు పెట్టుకోలేనివాళ్లు ఈ కొండ జోలికే రాకూడదన్నట్టు మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు. నెమ్మదిగా నడవండి, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగండి, గైడు ‘పోలే పోలే’ (స్వాహిలీలో ‘మెల్లగా’) అన్నప్పుడల్లా అడుగు తగ్గించండి. ఐదు రోజులు చాలు.

తూర్పుకనుమ

ఎర్రమల గారి అనుభవాన్ని కాదనను గానీ, మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. నేను, మా మరిది మచామే దారిలో ఆరు రోజుల యాత్రకు వెళ్లాం. ఆ దారిలో ఏడు రోజులు తీసుకుంటే బరాంకో, బరాఫు శిబిరాల నడుమ కరంగా శిబిరంలో ఒక రాత్రి ఆగుతారు. ఆరు రోజులదైతే ఆ రాత్రి ఉండదు. సెలవు కలిసిరాక మేమే ఆరు రోజులు ఎంచుకున్నాం, కంపెనీ తప్పేమీ లేదు. బరాంకో గోడ అనే నిటారు రాతిబండను చేతులూ కాళ్లూ ఆనించి ఎక్కి, కరంగాలో భోజనం చేసి, సాయంత్రానికి 4,670 మీటర్ల బరాఫు చేరాం. (బరాఫు అంటే స్వాహిలీలో మంచుగడ్డ, హైదరాబాదులో మనం బరఫ్ అంటామే, దానికి దగ్గరి మాట.) గుడారంలో టీ, మొక్కజొన్న పేలాలు పెట్టారు. మా మరిదికి పేలాలంటే ప్రాణం, ఆ రోజు ఒక్క గింజ ముట్టలేదు. గైడు వేలికి ఆక్సిమీటరు తగిలిస్తే రక్తంలో ప్రాణవాయువు 71 శాతం చూపింది. ఆయన దాన్ని చూసి ఊరుకోకుండా, బయట రాళ్ల మధ్య చేతికర్రతో తిన్నగా ఒక గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించుకుంటూ ఆ గీత మీద నడవమన్నాడు. మా మరిది మూడో అడుగులోనే పక్కకు తూలాడు. ఇంటర్ రోజుల నుంచి కబడ్డీ ఆడిన మనిషి. శిఖరానికి బయలుదేరాల్సిన ఆ అర్ధరాత్రి, సహాయ గైడు ఆయన్ను దిగే దారిలోని మ్వెకా వైపు కిందికి నడిపించుకుపోయాడు. ఎనిమిది వందల మీటర్లు దిగేసరికి తల తేలికపడి ఆకలి వేసిందట. నేను శిఖరం చేరాను, కానీ పైన నిలబడ్డంతసేపూ నా మనసు కిందనే ఉంది. కరంగాలో ఒక్క రాత్రి ఆగి ఉంటే ఇద్దరం కలిసి ఎక్కేవాళ్లమేమో అని ఈ రోజుకీ అనిపిస్తుంది.

విశాఖ వైద్యుడు

మెట్టదారి గారూ, రోజుల లెక్క పక్కన పెట్టి, ఏ రాత్రి ఏ ఎత్తున పడుకుంటున్నారో కాగితం మీద రాసుకోండి. మీరడిగినదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

మరాంగు ఐదు రోజుల యాత్రలో మొదటి రాత్రి మందారా 2,720 మీటర్లు, రెండో రాత్రి హొరొంబో 3,720, మూడో రాత్రి కిబో కుటీరం దాదాపు 4,700. ఆ మూడో రాత్రి సగంలోనే లేచి శిఖరానికి బయలుదేరాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యంలో అందరూ పాటించే సూత్రం. మరాంగు యాత్ర రోజుకు వెయ్యి మీటర్లు పెంచుతుంది. మన రెండు రాష్ట్రాల్లోని అతి ఎత్తయిన కొండల్లో ఒకటైన, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండే 1,680 మీటర్లు. అంటే మందారాలో మీ మొదటి రాత్రి నిద్రే మన కొండలన్నిటికీ పైన పడుతుంది. మీరు ఎక్కిన కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. అక్కడ అరగంట నిలబడి దిగి వచ్చేశారు. హొరొంబోలో దాదాపు అదే ఎత్తున రాత్రంతా పడుకుని, మర్నాడు మరో వెయ్యి మీటర్లు ఎక్కాలి.

ఇక్కడ ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘నేను రోజూ నడుస్తాను’ అన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు. గాలిలో ప్రాణవాయువు తగ్గగానే ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అలా మొగ్గగానే మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది, ముఖ్యంగా నిద్రలో. అదనపు క్షారాన్ని మూత్రపిండాలు మూత్రంలోకి పంపితేనే ఆ కళ్లెం సడలుతుంది, ఆ పనికి వాటికి కొన్ని రోజులు కావాలి. కండబలం, వ్యాయామం, పట్టుదల ఏవీ మూత్రపిండాలను తొందరపెట్టలేవు. ఇంకా చెప్పాలంటే బలమైనవాళ్లే వేగంగా ఎక్కి ముందుగా పడిపోతుంటారు. తూర్పుకనుమ గారి మరిది విషయంలో నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ గైడు గీత గీసి నడిపించి చూడటం మాత్రం ఎంతో మంచి పని. తూలడం మెదడు వాపుకు తొలి గుర్తు కావచ్చు; అప్పుడు దిగడమే మందు.

లెమోషో ఎనిమిది రోజుల్లో శిరా రెండో శిబిరం నుంచి 4,630 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, అదే రోజు 3,960 మీటర్ల బరాంకోకు దింపుతారు, మర్నాడు కరంగాలో దాదాపు అదే ఎత్తున పడుకోబెడతారు. అంటే మూడు రాత్రులు నాలుగు వేల మీటర్ల దరిదాపుల్లోనే గడుస్తాయి, మూత్రపిండాలకు కావలసిన సమయం దొరుకుతుంది. మరాంగులో మూడు రాత్రుల తర్వాత శిఖరానికి వెళ్తారు, లెమోషోలో ఆరు రాత్రుల తర్వాత వెళ్తారు. నా మట్టుకు నాకు ఐదు రోజుల యాత్రను కంపెనీలు అమ్మడమే తప్పనిపిస్తుంది.

ఎర్రమల

వైద్యుడు గారూ, మీ సూత్రాన్నే లెమోషోకూ వర్తింపజేయండి. కరంగా 4,000, బరాఫు 4,670. తేడా 670 మీటర్లు. మొదటి శిబిరం నుంచి శిరా మొదటి శిబిరానికి ఎనిమిది వందల దాకా పెరుగుతుంది. సూత్రం అక్కడా తప్పుతోంది కదా? మందు మాత్రలు ఉండనే ఉన్నాయి. అదీగాక మన మలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014లో ఎవరెస్టు ఎక్కింది, తర్వాత 2016లో కిలిమంజారో కూడా ఎక్కింది. మనవాళ్ల దేహాలకు కొండలు అలవాటు లేవని ముందే భయపెట్టడం ఎందుకు?

విశాఖ వైద్యుడు

మీరు పట్టుకున్న లోపం నిజమే, ఒప్పుకుంటున్నాను. కిలిమంజారో మీద ఏ దారీ ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు, ఎందుకంటే అది మైదానంలోంచి ఒంటరిగా లేచిన కొండ. హిమాలయాల్లో లాగా లోయ వెంట మెల్లగా పైకి నడిచే వీలు లేదు. అయినా ఆరు రాత్రుల్లో రెండు సార్లు తప్పడానికీ, మూడు రాత్రుల్లో పెరిగిన ప్రతిసారీ తప్పడానికీ తేడా ఉంది.

పూర్ణ పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆ అమ్మాయి ఎవరెస్టు వెళ్లేముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ పొందింది. ఎవరెస్టు మీద కూడా వారాల తరబడి పైకీ కిందికీ తిరుగుతూ ఎత్తుకు అలవాటు పడ్డాకే శిఖరానికి వెళ్లింది. ఆమె కథ తొందరపడమని చెప్పడం లేదు. ఆమెను చూసి ఐదు రోజుల యాత్రకు డబ్బు కట్టే తల్లిదండ్రులను తలుచుకుంటే నాకు నిజంగా గుబులుగా ఉంటుంది.

మాత్రల సంగతి: ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్, మూత్రపిండాల పనిని కొంత త్వరగా చేయిస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రం వస్తుంది. సల్ఫా మందులు పడనివారు ముందుగా వైద్యుణ్ని అడగకుండా వేసుకోకూడదు. అది రాత్రులకు తోడవుతుందే కానీ రాత్రులకు బదులు కాదు.

సాలిగట్టు

నేను టాంజానియాలోని అరూషాలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆ కొండను మూడుసార్లు ఎక్కినవాణ్ని. ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఐదు రోజుల చౌక యాత్ర చౌకగా ఎలా అవుతోందో చూడండి. పార్కు సంరక్షణ రుసుము మనిషికి రోజుకు 70 డాలర్లు, గుడారపు రాత్రికి 50, వాటిపై 18 శాతం పన్ను అని నేను కట్టిన లెక్క. ఆ ప్రకారం మెట్టదారి గారు చెప్పిన 900 డాలర్లలో దాదాపు సగం పార్కుకే పోతుంది. మిగిలిన సగంలో వంటవాళ్లు, గైడులు, మోతగాళ్ల మూడు రోజుల కూలి, తిండి ఉంటాయి. కాబట్టి ఆ తేడా అంతా కంపెనీ లాభమనుకోవద్దు.

మోతగాళ్లకు మనిషికి 20 కిలోలకు మించి మోత ఉండకూడదని నియమం. గేటు దగ్గర మూటల్ని కాటాకు తగిలించి తూస్తారు. ఒకసారి మా మూటలు తూచడం అయ్యాక, ఒక కుర్రవాడు పక్కకు వెళ్లి, వేరే మూటలోంచి గ్యాసు సిలిండరు తీసి తన సంచిలో పెట్టుకోవడం చూశాను. నేను గైడును అడిగితే, మనుషులు చాలలేదన్నాడు. మరీ తక్కువ ధర చెప్పే కంపెనీల్లో ఆ మిగులు ఎక్కడినుంచి వస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. ఆ కుర్రవాడు రాత్రి మన సంకటి లాంటి ఉగాలి తిని, మనకంటే ముందు లేచి, మన గుడారం మోసుకుని మనల్ని దాటిపోతాడు. ఎన్ని రోజుల యాత్ర అయినా సరే, మోతగాళ్లు ఎంతమంది, వాళ్లు ఎక్కడ పడుకుంటారు, కూలి ఎంత అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబు చెప్పని కంపెనీని వదిలేయండి.

ఇంకొకటి. కంపెనీలు చెప్పుకునే విజయ శాతాలను నమ్మవద్దు. మరాంగు దారిలో ఉహురు కంటే కిందనున్న 5,685 మీటర్ల గిల్‌మన్స్ పాయింటు చేరినా పార్కు ధ్రువపత్రం ఇస్తుంది. ఆ శాతంలో ఉహురు చేరినవాళ్లు ఎందరో మీకు తెలియదు.

ఎర్రమల

మోతగాళ్ల విషయంలో సాలిగట్టు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ ప్రశ్న నేను నా యాత్రలో అడగలేదు, అడగాల్సింది. ఐదు రోజుల్లో సాధ్యమే అన్న నా మాట మాత్రం నిలుపుకుంటున్నాను. కాకపోతే మెట్టదారి గారి అక్కగారి వయసు చూసి, మరాంగులోనే హొరొంబోలో రెండు రాత్రులు ఆగే ఆరు రోజుల యాత్ర కంటే తక్కువ తీసుకోవద్దని సవరించుకుంటున్నాను.

మెట్టదారి

అందరికీ కృతజ్ఞతలు. వైద్యుడు గారు చెప్పినట్టు రాత్రుల ఎత్తులు ఒక కాగితం మీద రాసి అక్కకు చూపించాను. అక్క కాసేపు చూసి, 3,720 దగ్గర వేలు పెట్టి, ‘కేదార్‌కంఠ పైన నాకు తల పగిలిపోయింది, నీకు చెప్పలేదు’ అంది. ఆ మాటతో ఐదు రోజుల సంగతి తేలిపోయింది. ఎనిమిది రోజులకు డబ్బు ఇప్పుడు చాలదు. కాబట్టి కరంగా రాత్రి ఉన్న ఏడు రోజుల మచామే యాత్రను, ఫిబ్రవరికి బదులు వచ్చే సెప్టెంబరులో అనుకుంటున్నాం. మోతగాళ్ల సంఖ్య, కూలి, పడక గురించి మూడు కంపెనీలకు నిన్న రాత్రి రాశాను. ఇంతవరకు ఒకటే జవాబిచ్చింది.