ఫాంటసీ నవల రాజకీయ అవగాహనను పెంచుతుందా, చెదరగొడుతుందా?

చర్చకు పెట్టిన ప్రశ్న

ఈమధ్య టోల్కీన్ రాసిన ఫాంటసీ నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'ను (1954–55), రాజకీయ తత్వవేత్త హన్నా ఆరెంట్ ఒక నాజీ అధికారి విచారణ గురించి రాసిన 'ఐక్‌మన్ ఇన్ జెరూసలేమ్'ను (1963) వెంటవెంటనే చదివాను. నవలలో, లోకాన్ని లొంగదీసుకోవాలని చూసే దుష్టపాలకుడు సౌరాన్ తన శక్తిని నింపిన ఉంగరం అగ్నిపర్వతంలో కరిగిపోగానే అతని కోట కూలిపోతుంది, అతని సైన్యం దిక్కుతోచక చెల్లాచెదురవుతుంది. ఆరెంట్ పుస్తకంలో కూలగొట్టడానికి అలాంటి కోట లేదు. యూదులను మరణశిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి ఐక్‌మన్ 1961లో న్యాయస్థానంలో నిలబడి, తాను ఆదేశాలను పాటించానని చెప్పుకుంటాడు. జాబితాలు రాసినవారు, సంతకాలు పెట్టినవారు, రైళ్లు నడిపినవారు అందరూ తమ తమ పని చేస్తేనే ఆ హత్యాకాండ సాగింది. చెడునంతా ఒక మనిషిలో, ఒక వస్తువులో పోగుచేసి చూపించే కథలకు అలవాటుపడిన పాఠకుడు, ఒక్క నాయకుడు దిగిపోతే దేశం బాగుపడుతుందని నమ్మడానికి తొందరపడతాడు. రాజకీయాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారికి ఫాంటసీ హాని చేస్తుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

మొదటి సమాధానం

ఉంగరం కరిగిన తరువాత కూడా ఆ నవల చాలా పేజీలు సాగుతుంది. నాకు అన్నిటికంటే విలువైన భాగం అదే. ఆ ప్రయాణానికి వెళ్లిన హాబిట్లు (పొట్టి మనుషుల్లాంటి జాతివారు) తమ సొంత ప్రాంతమైన షైర్‌కు తిరిగివచ్చేసరికి అక్కడ గోడల మీద నిబంధనల పట్టికలు వేలాడుతుంటాయి, అందరికీ పంచుతామని చెప్పి పంటను పట్టుకుపోయే మనుషులు తిరుగుతుంటారు, షిరిఫ్‌లనే కాపలాదారుల సంఖ్య వందలకు పెరిగి ఉంటుంది. ఆ షిరిఫ్‌లు పరాయివారు కారు, ఇరుగుపొరుగు హాబిట్లే. ఈ పని మానుకోవడానికి తనకు అనుమతి లేదని వారిలో ఒకడు తిరిగివచ్చినవారిలో ఒకడైన పాత స్నేహితుడు శామ్‌తో అంటాడు. మీరు ఆరెంట్‌లో చూసిన యంత్రాంగం చిన్న రూపంలో ఇక్కడా ఉంది. 2003లో వచ్చిన సినిమా ఈ భాగాన్ని వదిలేయడం వల్ల కథంతా కోట కూలడంతోనే ముగిసిందన్న భావన బలపడింది.

మరొక మాట. మాంత్రికుడు గండాల్ఫ్ అధికారాన్నిచ్చే ఆ ఉంగరాన్ని తాకనంటాడు. మంచి చేయాలన్న కోరికే తనను దారి తప్పిస్తుందని అతనికి తెలుసు. దాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లిన హాబిట్ ఫ్రోడో సైతం చివరి క్షణంలో అది తనదేనంటాడు. అంతదూరం అతనితో నడిచిన పాఠకుడికి అధికారపు లాగుడు తనలోనే తెలుస్తుంది. ఆరెంట్ చూపిన ఐక్‌మన్ కూడా రచయిత్రి మలచిన పాత్రేనని మరువకూడదు. అతను అర్జెంటీనాలో దాక్కున్న కాలపు రాతలను, సంభాషణలను పరిశీలించి బెటీనా స్టాంగ్‌నెత్ 2011లో ప్రచురించిన పుస్తకం, అతను తాను చేసిన పనిని మనసారా నమ్మిన నాజీ అని చూపింది.

చర్చ ప్రారంభించినవారి సమాధానం

స్టాంగ్‌నెత్ ప్రస్తావన నా వాదానికే బలమిస్తుంది. ఆరెంట్ మాటను పత్రాలు చూపి ఖండించవచ్చు. సౌరాన్ ఎలాంటివాడో తేల్చే పత్రం ఎక్కడా దొరకదు. షైర్ విషయానికొస్తే, ఒక్క పోరాటంతో దుండగులు ఓడిపోతారు, ఫ్రోడో షిరిఫ్‌ల సంఖ్యను మునుపటికి తగ్గిస్తాడు, మాయాశక్తిగల రాణి గలాడ్రియెల్ ఇచ్చిన మట్టి మహిమతో మరుసటి వసంతానికే చెట్లు చిగురిస్తాయి. ఎవరు ఎంతవరకు సహకరించారన్న విచారణ జరగదు. ఆరెంట్ మీద అంత దుమారం రేగడానికి ఒక ముఖ్య కారణం, నాజీలు ఏర్పాటు చేయించిన యూదు మండళ్ల పెద్దల సహకారాన్ని కూడా ఆమె ప్రశ్నించడమే. అంత బాధాకరమైన ప్రశ్నను ఈ నవల వేయదు.

రెండో సమాధానం

వేస్తుందనే నేనంటాను. శత్రుపక్షంలో చేరిన హాబిట్‌ను సైతం చంపకూడదని పోరాటానికి ముందే ఫ్రోడో పట్టుబడతాడు. అది సహకరించినవారి గురించి తీసుకున్న రాజకీయ నిర్ణయం, దానితో మనం విభేదించవచ్చు. షిరిఫ్‌లలో ఎక్కువమంది ఇష్టం లేకుండా పనిచేస్తున్నారని, కొందరు మాత్రం ఇతరుల వ్యవహారాల్లో తలదూర్చడాన్ని ఇష్టపడతారని, కొద్దిమంది వేగులుగా కూడా పనిచేస్తున్నారని నవలే చెబుతుంది. ఉద్యోగం వదులుకునే వీలు లేనివాడిని క్షమించడం నాకు సమ్మతమే. ఇష్టపడి వేగుగా మారినవాడిని ఏ విచారణా లేకుండా ఇంటికి పంపడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఈ ఒక్క చోట మీతో ఏకీభవిస్తాను.