కోయడమా, ఏరడమా, పెకలించడమా: అడవి పుట్టగొడుగుల మాటలపై చర్చ

ప్రశ్న:

శరదృతువులో అడవి పుట్టగొడుగులు తెచ్చుకుని వండుకోవడం మీద ఒక వ్యాసం రాస్తున్నానండీ. క్రియల దగ్గర ఆగిపోయాను. పుట్టగొడుగుల్ని 'కోశాం' అనాలా, 'ఏరాం' అనాలా, 'పీకాం' అనాలా? వంట భాగంలో 'మెత్తబడే దాకా వేయించాలి' అని రాశాను, సరిపోతుందా? ఇంకొకటి. 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అనే నుడికారం వాడదామంటే అది ఎప్పుడూ ఈసడింపుగానే వినబడుతోంది. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:

మొదటి ప్రశ్నలో ప్రాణాల సంగతి ఉంది కాబట్టి ముందు అదే చూద్దామండీ.

'ఏరడం' అంటే నాలుగింటిలో చూసి, తగినదాన్ని తీసుకోవడం. 'ఏరి కోరి' అంటాం కదా, ఎంపిక ఆ మాటలోనే ఉంది. అడవంతా తిరుగుతూ వెతికి తెచ్చుకోవడం అనే మొత్తం పనికి ఇదే సరైన క్రియ. వ్యాసం పేరులో నిస్సంకోచంగా వాడండి. 'కోయడం' వేరు. పువ్వు కోస్తాం, కాయ కోస్తాం, మొక్క మాత్రం అక్కడే ఉంటుంది. కాడ అడుగుభాగాన్ని మట్టిలో వదిలి పైభాగాన్ని తీసుకుంటే అది కోయడం. మొదలంటా బయటికి తీస్తే 'పెకలించడం'. 'పీకడం' కూడా అదే పని గానీ అందులో మోటుదనం ఉంది. జాగ్రత్తగా చేయాల్సిన పనికి నేనైతే వాడను.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, ప్రపంచంలో పుట్టగొడుగుల వల్ల పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగానికి కారణమైన అమానిటా ఫాలోయిడీస్ అనే రకాన్ని చూడండి. వేసవి చివర, శరత్తులో ఓక్ లాంటి చెట్ల కింద మొలుస్తుంది. టోపీ లేత ఆకుపచ్చలో పసుపు కలిసినట్టుంటుంది, ఒక్కోసారి దాదాపు తెల్లగానూ ఉంటుంది. టోపీ కింద రేకులు తెల్లన. కాడ మీద పల్చటి వలయం. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు కాడ అడుగున, మట్టిలో దాగి ఉంటుంది: పగిలిన గుడ్డుపెంకులాంటి తెల్లటి సంచి. కత్తితో పైపైన కోస్తే ఆ సంచి నేలలోనే ఉండిపోతుంది. చేతికి వచ్చింది చూడ్డానికి ముచ్చటైన మామూలు పుట్టగొడుగు. కాబట్టి మీ వ్యాసంలో 'గుర్తుపట్టడానికి మొదలంటా పెకలించి చూడాలి' అని రాయండి. రకం ఖాయంగా తెలిసినవారు కోసుకున్నామంటే తప్పు లేదు. కొత్తవారికి చెప్పే చోట మాత్రం 'కోయండి' అని రాయకండి.

పుట్టగొడుగుల భాగాల పేర్లూ ఇక్కడే చెప్తాను, మీకు అవసరం పడతాయి. టోపీ, కాడ, వలయం, సంచి అంటే ఎవరికైనా అర్థమవుతుంది. టోపీ కింది సన్నటి పలకల్ని చేప పేరుతో 'మొప్పలు' అనేవారున్నారు, నాకు 'రేకులు' నచ్చుతుంది. వాటి నుంచి రాలే పొడి సిద్ధబీజాలు. టోపీని సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద రేకులు కిందికి ఉండేలా పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే ఆ పొడి రాలి అచ్చు పడుతుంది. దాని రంగు రకాన్ని పోల్చుకోవడానికి గట్టి సాయం. 'అచ్చు తీయడం' అంటే చాలు, సంస్కృత సమాసం అక్కర్లేదు.

ఇక వంట. 'మెత్తబడే దాకా' అనే మాట కొట్టేయండి. కూరగాయల కణాల గోడలు వేడికి సడలిపోతాయి. పుట్టగొడుగుల కణాల గోడలు కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టినవి, అది వేడికి అంత తేలిగ్గా లొంగదు. గంటసేపు పొయ్యి మీద ఉన్నా అవి చితికిపోవు. మెత్తదనం కోసం చూస్తూ కూర్చున్నవారికి గుర్తేమీ దొరకదు. వాటిలో తొంభై శాతం దాకా నీరే. మూకుడులో పడగానే ఆ నీరంతా వదులుతాయి, అది పోయాకే వేగడం మొదలవుతుంది. దీనికి మనకు ఎంత చక్కటి మాట ఉందో చూడండి: ఇగరడం. 'నీరు వదిలి, అది ఇగిరే దాకా పెద్ద మంట మీద కలుపుతూ ఉండాలి. ఇగిరాక వెన్న వేసి అంచులు ఎర్రబడే వరకు వేయించాలి.' ఈ రెండు వాక్యాల్లో వంటంతా వచ్చేసింది. షాంటరెల్ లాంటి పసుపుపచ్చ రకాలను ముందు వెన్న లేకుండానే ఇలా ఇగరబెడితే వాసన నిలుస్తుంది.

చెట్ల మొదళ్లలో గుత్తులుగా వచ్చే తేనెరంగు ఆర్మిల్లేరియా రకాలకు ఇంకో క్రియ కావాలి. ముందు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత వేయించాలి. లేకపోతే చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఇక్కడ 'ఉడికించి వార్చాలి' అనండి. వార్చడమంటే నీరు పారబోయడమేనని ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

మరొకరు:

బాగా చెప్పారండీ. ఒక సందేహం. పెకలిస్తే కింద వేరు దెబ్బతిని మళ్లీ మొలవదంటారు కదా? కోయడమే ధర్మం అని విన్నాను.

జవాబు:

అవునండీ, చాలామంది అలాగే అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో 29 ఏళ్లు సాగిన పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. కోసినా పెకలించినా తర్వాతి ఏళ్ల పంట తగ్గలేదు. తగ్గించింది మనుషుల తొక్కిడి. కాబట్టి 'అడుగు చూసి వేయండి' అనే మాట వ్యాసంలో తప్పక ఉండాలి. పెకలించిన చోట మట్టీ ఆకులూ తిరిగి కప్పితే సరి.

ఇంకో సవరణ. కింద ఉన్నది 'వేరు' కాదు. అది శిలీంధ్రజాలం, సన్నటి దారాల అల్లిక. అసలు జీవి అదే, పుట్టగొడుగు దాని కాయ మాత్రమే. 'పుట్టగొడుగుల్లా' అనే నుడికారంతో నా పేచీ కూడా అక్కడే. ముందూ వెనుకా లేకుండా, రాత్రికి రాత్రి, విలువ లేకుండా వచ్చిపడ్డవాటికి ఆ మాట వాడుతున్నాం. రాత్రికి రాత్రి అన్నది మాత్రం నిజమే. చిన్న మొగ్గలు ముందే తయారై ఉంటాయి, తడి తగలగానే వాటి కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ముందూ వెనుకా లేదన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మాలూర్ అడవి కింద ఒకే ఒక ఆర్మిల్లేరియా దాదాపు 9 చదరపు కిలోమీటర్లు అల్లుకుని ఉంది. దాని వయసు 2,400 ఏళ్లు దాటి ఉంటుందని అంచనా. శరత్తులో దాని కాయలు నాలుగు రోజులు పైకి కనబడతాయి, అంతే.

పుట్ట అనే మాటా గాలికి పుట్టింది కాదు. టెర్మిటోమైసిస్ అనే రకాలను చెదలే తమ పుట్టల్లో సాగు చేస్తాయి, సుమారు 3 కోట్ల ఏళ్లుగా. చెదపుట్టలోంచి గొడుగు విప్పుకుని లేచేది సరిగ్గా అదే. ఎవరో పుట్ట దగ్గర కూర్చుని చూసి పెట్టిన పేరది! తర్వాత మిగతావాటికీ అదే పేరు వ్యాపించింది.

మీరు ఆ నుడికారాన్ని మెచ్చుకోలుగా వాడదలిస్తే వాడేయండి. 'ఏళ్ల తరబడి లోలోపల అల్లుకున్నది ఒక్క వానకు పుట్టగొడుగుల్లా బయటపడింది' అంటే ఎవరూ ఈసడింపుగా వినరు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. చివరిగా ఒక్కటి. తినేదానికి 'పుట్టగొడుగు', విషమున్నదానికి 'కుక్కగొడుగు' అని విడదీయవచ్చా? అలాగే 'శరదృతువు' బదులు 'ఆకురాలే కాలం' అనవచ్చా?

జవాబు:

రెండోది తేలిక. ఆకులు రాలడం అనగానే తెలుగు పాఠకుడికి తోచేది శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. మీరు చెప్పేది ఆశ్వయుజ కార్తీకాల సంగతి, శరదృతువే ఉంచండి.

మొదటిది మాత్రం వద్దు. పేరు ముందు 'కుక్క' చేరితే 'నాసిరకం, పనికిరానిది' అని అర్థం. కుక్కతులసి చూడండి, దాంట్లో విషమేముంది? కుక్కగొడుగులన్నీ చంపవు, చంపేవి కుక్కగొడుగుల్లా అసహ్యంగానూ ఉండవు. ఫాలోయిడీస్ తిని బతికినవారు రుచి బాగుందనే చెప్పారు. వండినా ఎండబెట్టినా దాని విషం విరగదు. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని, మధ్యలో తగ్గినట్టే అనిపించి, ఆ తర్వాత కాలేయం పాడవుతుంది. వెండి చెంచా నల్లబడటం, పురుగులు తిని ఉండటం లాంటి పరీక్షలేవీ దాన్ని పట్టివ్వవు. కాబట్టి ఆ చోట ఏ అలంకారమూ లేకుండా 'విషపు పుట్టగొడుగు' అనే రాయండి. పక్కనే దాని శాస్త్రీయనామం ఇవ్వండి, ఏ రకమో ఖాయంగా తెలియనిది వండవద్దని కూడా అక్కడే రాయండి.