ఈ పాటలో ఇంత హుషారు ఎక్కడిది?

అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ పాడిన ‘రింగ్ ఆఫ్ ఫైర్’ (1963) ఇష్టమైనవాళ్లు కాస్త సాయం చేయండి. జూన్ కార్టర్, మెర్ల్ కిల్గోర్ రాసిన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాట అది. మాటలు చూస్తే ప్రేమంటే నిప్పుల్లో పడటమే. కానీ వింటుంటే కాలు ఆగదు! మరియాచీ (మెక్సికో జానపద వాద్యబృందాల) పద్ధతిలో ఆ ట్రంపెట్లు మోగగానే పెళ్లి ఊరేగింపు మన వీధి మలుపు తిరిగినట్టే ఉంటుంది.

ఈ సంతోషం దరువుదా, ట్రంపెట్లదా? నాకైతే ఆయన గొంతుదే అనిపిస్తుంది. కాలిపోతున్నానంటూనే ఎక్కడా వణకదు, జాలి అడగదు. సంగీతం తెలిసినవాళ్లు వివరిస్తారా?

మా చెల్లి పెళ్లిలో గిటార్ మీద వాయించాలని ఉంది. ఇలాంటి హుషారైన కంట్రీ ప్రేమపాటలు, ముఖ్యంగా ఆడవాళ్లు పాడినవి, ఉంటే చెప్పండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందేవైతే మరీ మంచిది.