క్యారవాన్ టాపు మీది రబ్బరు షీటు కడగాల్నా, వాన చాలదా?

శేషాచలం42
వ్యాను ఛాసిస్ మీద కట్టిన క్యారవాన్. టాపు మీద తెల్ల రబ్బరు షీటు అంటించి ఉండాది, ఆరేళ్ళయింది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు పక్కన వేపచెట్టు కింద నిలబెడతాం. చేత్తో తుడిస్తే సుద్దపొడి మాదిరి అంటుకుంటా ఉండాది, పక్కల మీద చారలు దిగతా ఉండాయి. డ్రైవరేమో "రబ్బరుకు కడుగుడేంది, వానకు అదే పోతుంది" అంటాడు. నిజంగా కడగాల్నా? కడిగితే దేనితో?

నగరి_బండి
ముందు అది రబ్బరేనా అని చూడండి. మన దగ్గర కట్టే బండ్లకు ఎక్కువగా ఫైబరో రేకో ఉంటుంది, షీటు అంటించడం అమెరికా పద్ధతి. టాపు వెంట్‌కు (గాలి ఆడే మూతకు) లోపలివైపున్న ఫ్రేము విప్పితే షీటు అంచు కనబడుతుంది. పైన తెలుపు, అడుగున నలుపు ఉంటే ఈపీడీఎమ్ అనే సింథటిక్ రబ్బరు. రెండు వైపులా లేత రంగే అయితే చాలావరకు టీపీవో అనే ప్లాస్టిక్ రకం. సుద్ద రాలుతోందంటే ఈపీడీఎమ్మే అనుకుంటా. ఎండకు పైపొర కొద్దికొద్దిగా పొడి కావడం దాని గుణం, రోగం కాదు. తెలుపు అరిగి అడుగు నలుపు బయటపడితే మాత్రం కడిగి లాభం లేదు. పైన పూత వేయాలి, లేదా షీటు మార్చాలి.

డ్రైవరు మాట సగం నిజం. ఎండకూ ఓజోన్‌కూ ఈపీడీఎమ్ బాగా తట్టుకుంటుంది, దుమ్ము పడినంత మాత్రాన చెడిపోదు. కాకి రెట్టా, చెట్టు జిగురూ వానకు పోవు. ఆ సుద్దను వాన కడగదు, మోసుకొచ్చి పక్కల మీద ఆరబెడుతుంది. మీ చారలు అవే. అన్నిటికంటే, మురికి కింద సీలెంట్ (జాయింట్ల సందులు పూడ్చే పేస్టు) పగిలితే కంటికి కనబడదు. లీకు షీటు మధ్యలో పుట్టడం తక్కువ. వెంట్ చుట్టూ, యాంటెనా కింద, నిచ్చెన స్క్రూల దగ్గర, ముందు వెనక అంచుల్లో పుడుతుంది. నా లెక్కలో కడగడమనేది ఆ జాయింట్లు చూసుకోవడానికి ఒక సాకు.

స్వర్ణముఖి_గట్టు
పద్ధతి రాస్తున్నా. పొద్దున ఏడులోపే మొదలుపెట్టండి. మన ఎండకు టాపు కాలితే సబ్బు నీళ్ళు అక్కడికక్కడే ఆరి మరకలవుతాయి. ఆకులు మెత్తటి చీపురుతో ఊడ్చండి, పుల్లల చీపురు వద్దు.

తర్వాత చాలామంది మరిచిపోయే పని: టాపు ముట్టకముందే బండి నాలుగు పక్కలా, అద్దాలతో సహా, నీళ్ళతో తడపాలి. తడి గోడ మీద సుద్ద నీళ్ళు జారిపోతాయి, పొడి గోడ మీద పట్టుకుంటాయి. పని అయ్యేదాకా పక్కలు ఆరనీయకండి.

10 లీటర్ల బక్కెట్‌కు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు చాలు. ఎక్కువేస్తే నురగ పోగొట్టడానికే నీళ్ళన్నీ అయిపోతాయి. పొడుగు కర్రకు మధ్యరకం నైలాన్ బ్రష్షు కట్టుకుని, మూడడుగుల ముక్క రుద్దడం, అది ఆరకముందే కడగడం, తర్వాత పక్క ముక్క. ఎండిన రెట్టల మీద తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే గీకే పని ఉండదు. ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దు, ఆ ధార సీలెంట్ అంచు కిందికి దూరి లేపేస్తుంది.

వీలైనంతవరకు నిచ్చెన మీద నుంచే కానీయండి. సబ్బు పడిన రబ్బరు నాచు పట్టిన బండ లాంటిది. ఎక్కక తప్పకపోతే కింద దుప్పటి పరచి, ఒక ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద మోకాళ్ళతో కదలండి.

ఇంకోటి, బోరు నీళ్ళ ఉప్పు మచ్చల్ని సుద్ద అనుకోవద్దు. తడి నల్లగుడ్డతో తుడిస్తే సుద్ద గుడ్డకంటుతుంది, ఉప్పు మచ్చ అంత తేలిగ్గా రాదు.

శేషాచలం42
నడిమి వెంట్ దగ్గర సీలెంట్ వెంట్రుకంత పగిలి ఉండాదన్నా. జిగురు మరకలకు కిరసనాయిలు వాడొచ్చా? ఏసీ చుట్టూ కూడా సిలికాన్ కొట్టేమంటా ఉండారు షాపోళ్ళు.

పూతలపట్టు_టింకరింగ్
కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్, నిమ్మనూనె కలిసిన క్లీనర్లు ఏవీ వద్దు. పెట్రోలియం సరుకు తగిలితే ఈపీడీఎమ్ ఉబ్బుతుంది, అడుగు గమ్ము వదిలి బుడగలొస్తాయి. టైర్లకు కొట్టే నూనె పాలిష్ కూడా ఆ కోవదే.

సిలికాన్ రబ్బరు షీటుకు సరిగా పట్టదు. పట్టినంత మేర తర్వాత వేరే సీలెంట్ అంటనివ్వదు, గీకలేక చావాలి. రబ్బరు టాపులకని అమ్మే ల్యాప్ సీలెంట్ తెప్పించుకో. చదును చోట తనంతట తనే పరుచుకునే రకం, నిలువు అంచులకు జారని రకం. పాతది గట్టిగా పట్టుకునే ఉంటే పీకొద్దు. పగులు దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తేలిగ్గా తుడిచి, బాగా ఆరినాక స్క్రూ తలలు మునిగేట్టు దాని మీదే వేయి. పగులు పక్కన బొటనవేలితో నొక్కి చూడు. మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ నానినట్టే, అప్పుడు సీలెంట్‌తో పోదు, వెంట్ విప్పి చెక్క మార్చాల.

ఏసీ చుట్టూ ఏమీ కొట్టొద్దు. మామూలు టాపు ఏసీ 14 అంగుళాల చదరపు రంధ్రం మీద, మెత్తటి గ్యాస్కెట్ (నీళ్ళు దూరకుండా మధ్యలో పెట్టే పట్టీ) మీద కూర్చుంటుంది, లోపల నుంచి నాలుగు బోల్టులు బిగిస్తాయి. అంగుళం మందం గ్యాస్కెట్ అర అంగుళానికి నొక్కుకోవాల. బయట సీలు చేస్తే దాని కింద చేరిన నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కారితే బోల్టులు కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించు. అప్పటికీ ఆగకపోతే గ్యాస్కెట్ మార్చు.

నగరి_బండి
ఎన్నిసార్లు అనేది ఎవరూ చెప్పలేదు. ఏడాదికి మూడు నాలుగు సార్లంటారు. షెడ్డులో ఉన్న బండికి రెండు చాలని నా మాట, వేపచెట్టు కింద బండికి నాలుగూ కావాలి. ఒకటి మాత్రం సెప్టెంబరు చివర్లో తప్పనిసరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో తిరుపతిలో పడినట్టు పడితే వెంట్రుకంత పగులు చాలు. ఆ వానలు మొదలైతే సీలెంట్ ఆరడానికి ఎండ రోజులు దొరకడం కష్టం.