మిన్నెసోటా చలిలో జింకల వేటకు ఎలాంటి బూట్లు కొనాలి?

హన్మకొండ_మామయ్య:
అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో నవంబరు మొదట్లో తుపాకీతో జింకల వేటకు అనుమతి మొదలవుతుందట. అక్కడ స్థిరపడిన మా అల్లుడు ఈసారి నన్ను కూడా వెంట తీసుకెళ్తానంటున్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట ఊసే లేదు కనుక నాకు ఇవన్నీ కొత్త. డిసెంబరు తెల్లవారుజామున భద్రకాళి చెరువు గట్టు మీద నడిస్తేనే నా కాలివేళ్లు కొంకర్లు పోతాయి. సింగరేణిలో పనిచేసే మా తమ్ముడు తన కొత్త సేఫ్టీ బూట్లు ఇస్తానంటున్నాడు. అవి సరిపోతాయా?

గోదావరిఖని_ఓవర్‌మన్:
సరిపోవండి. రాయి పడినా వేళ్లు నలగకుండా ఆ బూట్ల ముందు భాగంలో ఉక్కు తొడుగు పెడతారు. చలిలో ఆ ఉక్కే వేళ్ల వేడిని లాగేస్తుంది. గమ్‌బూట్లు కూడా వద్దు. అవి బయటి నీటిని ఆపినట్టే లోపలి చెమటను కూడా ఆపుతాయి.

డులూత్_ములుగువాసి:
మామయ్య గారూ, ముందుగా మీ అల్లుడు గారిని ఒక్క మాట అడగండి: నడుస్తూ వేటాడతారా, మంచె మీద కూర్చుంటారా? ఇక్కడ మిన్నెసోటాలో చాలామంది చెట్టుకు బిగించిన మంచె మీద గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. నడిచేవాడి కాలు తనంతట తానే వేడెక్కుతుంది, కూర్చున్నవాడికి ఆ వేడి పుట్టదు. థిన్సులేట్ అంటే బూటు లోపల వేడిని నిలిపే పొర. బూటు మీద థిన్సులేట్ 400, 800, 1000 అని కనిపించే అంకెలు చదరపు మీటరుకు ఆ పొర ఎన్ని గ్రాములుందో చెబుతాయి. నడకకు 400 చాలు, మంచెకు 800 గానీ 1000 గానీ చూడాలి. డబ్బా మీద రాసే "మైనస్ 40 వరకు" వంటి మాటలను నేను పెద్దగా లెక్కచేయను, ఎందుకంటే ఆ కొలతలో మీ వయసు, మీరు కూర్చునే సమయం ఉండవు.

మంచెకైతే నా ఓటు ప్యాక్ బూట్లకే. వాటికి అడుగున రబ్బరు, పైన తోలు, లోపల ఊడదీసి ఆరబెట్టుకోగల ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపు బట్ట) తొడుగు ఉంటాయి. రబ్బరు, తోలు కలిసే చోట కుట్టును మాత్రం వేలితో తడిమి చూడండి. 1912లో మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్.బీన్ అనే వ్యాపారి ఇలాంటి వేట బూట్లను అమ్మితే, మొదటి 100 జతల్లో 90 జతలు సరిగ్గా ఆ కుట్టు దగ్గరే ఊడి వెనక్కి వచ్చాయి. ఆయన డబ్బు తిరిగి ఇచ్చి, బూటును మెరుగుపరచి మళ్లీ అమ్మారు.

నిర్మల్_నడక:
ప్యాక్ బూట్లు బరువు, పైగా చీలమండ దగ్గర వదులు. అరవై దాటినవారు మంచు కప్పిన దుంగల మీద కాలు జారితే ఏ వెచ్చదనం కాపాడుతుంది? చీలమండను పట్టి ఉంచే తోలు బూటే నయమని నా అభిప్రాయం.

కరీంనగర్_మాజీ_సైనికుడు:
లదాఖ్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, గ్రాముల లెక్క కంటే బూటు లోపలి ఖాళీ ముఖ్యం. బిగుతు బూటులో రెండు జతల సాక్సులు ఇరికిస్తే రక్తం సరిగా ఆడదు, వేడిని నిలిపే గాలికి కూడా చోటుండదు. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట, మందపు ఉన్ని సాక్సులతో తొడిగి, వేళ్లు స్వేచ్ఛగా ఆడుతున్నాయో లేదో చూడండి. నూలు సాక్సులు అసలు వద్దు, అవి చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. మంచె దగ్గరికి నడిచి వెళ్లాక పొడి జత మార్చుకోండి. వేళ్లలో నొప్పి పోయి మొద్దుబారితే చలి తగ్గిందనుకోకుండా వెంటనే దిగి వెచ్చని గదికి వెళ్లండి. వేళ్లను మాత్రం రుద్దవద్దు.

హన్మకొండ_మామయ్య:
అందరికీ ధన్యవాదాలు. కారు ఆపే చోటి నుంచి కొద్ది నడకేనని, తర్వాత మధ్యాహ్నం వరకు మంచె మీదేనని అల్లుడు చెప్పాడు. ఇక్కడ నా కొలత 8. ఇక్కడే కొనమంటారా? మా బంధువుల ఇంట్లో ఏళ్లుగా వాడని మంచు బూట్లు కూడా ఒక జత ఉన్నాయి.

డులూత్_ములుగువాసి:
ఇక్కడికి వచ్చాకే కొనండి, తొడిగి చూసుకోవచ్చు. మన కొలతలు బ్రిటిష్ పద్ధతివి కనుక మీ 8 ఇక్కడ దాదాపు 9 అవుతుంది. మందపు సాక్సుల కోసం మరో అర పెంచి కూడా చూడండి. దాచిన జతను నమ్మవద్దు, ఎందుకంటే పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) అడుగులు వాడకపోయినా గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపల చివికి, తొడిగిన రోజున పొడిపొడిగా రాలిపోతాయి. నిర్మల్ గారి మాటలోనూ న్యాయముంది కనుక పట్టీలు చీలమండ పైదాకా బిగించే రకాన్ని ఎంచుకోండి. ఇనుప మంచె అయితే పాదాల కింద వేసుకోవడానికి పాత కార్పెట్ ముక్క ఒకటి తెమ్మని అల్లుడు గారికి చెప్పండి.